రెండు ప్రతుల నడుమ ఒక పాట

జనగామ ప్రాంతమున తెలుగు పాఠము చెప్పు ఒక పంతులుగారిని ఊహించుకొందము. ఇట్టివారు ఏ మండలములోనైనను ఉందురు గనుక పేరుతో పని లేదు. వేసవి సెలవులలో వారు ఒక ఊరి బీరప్ప పండుగకు పోయి, తెల్లవార్లు జరిగిన ఒగ్గుకథను ఫోనులో పట్టుకొని వచ్చినారు. డోలు దెబ్బ, తాళముల మ్రోత, కథకుడు గొంతు మార్చి ఆడుమాట పలికినప్పుడు జనములో లేచిన నవ్వు, అన్నియు అందులో చక్కగా నిలిచినవి. ఇంటికి రాగానే ఫోనును కంప్యూటరునకు తగిలించి, రెంటిని సింకు చేసినారు. కథ రెండుచోట్ల చేరినది. నెల దినములకు ఫోనులో చోటు చాలక అక్కడి ప్రతిని తీసివేసినారు. కంప్యూటరులో ఉన్నది గదా యను ధైర్యము.

మరునాడు తీగ తగిలింపగానే సాఫ్ట్‌వేరు రెండు వైపుల చూచినది. ఫోనున కథ లేదు, నిన్నటి వరకు ఉన్నది, యజమాని తీసివేసినాడు, కావున కంప్యూటరులోను ఉండరాదని నిశ్చయించినది. అరక్షణములో పని ముగించి, సింకు పూర్తియైనదని తెరమీద శుభవార్త చూపినది.

బడి తెరచిన తరువాత పిల్లలు అడిగినారు: "సార్, ఆనాడు మీ ఫోన్ల వినిపిచ్చిన కథ మల్ల పెట్టుండ్రి సార్." పంతులుగారు ఫోను తీసి వెదకినారు. ఇంటికి పోయి కంప్యూటరులో వెదకినారు. రెండును ఒక్కతీరుగ ఉన్నవి. రెంటిలోను కథ లేదు.

యంత్రము తప్పు చేసినదా యని విచారించినచో, చేయలేదనియే చెప్పవలెను. దానికి అప్పగించిన పని రెండు పెట్టెలను సమానము చేయుట. సమానము చేసినది. ఒక పెట్టె ఖాళీయైనప్పుడు రెండవదానిని ఖాళీ చేసినను సమానమే గదా! పంతులుగారు కోరినది వేరు. ఒకచోట పోయినను మరొకచోట నిలువవలెనని వారి కోరిక. భద్రపరచుట వేరు, సమము చేయుట వేరు. ఈ రెంటిని ఒకటిగా భ్రమించుట వలన పోయిన పాటలు, పాఠములు, పెండ్లి చిత్రములు లెక్కకు రావు.

"సింకు" అనునది "సింక్రనైజేషను" అను ఇంగ్లీషు మాటకు కుదించిన రూపము. మూలము గ్రీకు భాష. "సిన్" అనగా కూడ, "క్రోనోస్" అనగా కాలము. తెలుగున సమకాలీకరణ మనుచున్నారు. మాట పెద్దదే గాని భావము తిన్ననిది. గోడ గడియారముతో చేతి గడియారమును సరిచూచుకొనుట వంటిది. ఐతే గడియారములలో ఏది తప్పినదో తేల్చుటకు రేడియో యున్నది, రైలు కూత యున్నది. రెండు పాటల పెట్టెలలో ఏది సరియైనదో తేల్చువా రెవరు?

ఉపాధ్యాయులకు ఈ చిక్కు హాజరుపట్టీ వలన తేటపడును. కార్యాలయపు జాబితాలో ఒక బాలుని పేరున్నది. తరగతిలో ఆ బాలుడు లేడు. వాడు కొత్తగా చేరి ఇంకను తరగతికి రానివాడా, లేక బడి మాని వెళ్ళినవాడా? ఖాళీ బల్లను ఎంతసేపు చూచినను జవాబు రాదు. నిన్నటి హాజరుపట్టీ తీయవలెను. అందు పేరున్నచో వెళ్ళినవాడు, లేనిచో కొత్తవాడు. కంప్యూటరులో ఉండి ఫోనులో లేని పాట సంగతియు ఇంతే. అది కంప్యూటరునకు కొత్తగా వచ్చినది కావచ్చును. ఫోను నుండి తీసివేసినది కావచ్చును. పైకి రెండును ఒక్కటే. గత కలయికనాడు ఎవరియొద్ద నేమున్నదో వ్రాసియుంచుకొన్న సాఫ్ట్‌వేరు మాత్రమే ఈ భేదమును గుర్తింపగలదు. అట్టి పట్టీ లేని సాఫ్ట్‌వేరులు గుడ్డిగా ఒక మార్గము పట్టును. కొన్ని, తీసివేసిన పాటను మరల మరల తెచ్చి పెట్టును. వద్దని పదిసార్లు చెరిపినను పదకొండవసారి ప్రత్యక్షమగును. మరికొన్ని, కొత్తగా తెచ్చుకొన్న పాటను పరాయిదని చెరిపివేయును. జనులు సింకును గూర్చి చెప్పు ఫిర్యాదులలో పెక్కు ఈ రెంటిలో నొకటి.

ఇంకొక మెట్టు పైకి పోయినచో చిక్కు మరింత బిగియును. రెండు ప్రతులును కలయిక తరువాత మారినవనుకొందము. ఇంటిలో కంప్యూటరున కథకు ముందున్న కుర్చీల చప్పుడును పంతులుగారు కత్తిరించినారు. బడిలో ఫోనున చివరనున్న హారతి పాటను విడదీసినారు. ఇప్పుడు ఏది అసలు? సామాన్యముగా సాఫ్ట్‌వేరులు అనుసరించు సూత్రము ఒకటి: ఏది తరువాత మారినదో అదియే గెలుచును. ఈ సూత్రము న్యాయము వలె కనబడును గాని కాదు. కడపటి చేయి మంచి చేయి యని ఎవరు చెప్పగలరు? 2013లో వెలువడిన సింక్‌థింగ్ అను ఉచిత సాఫ్ట్‌వేరు ఇంతకన్న వివేకము గలది. అట్టి సందర్భమున రెండు ప్రతులను ఉంచి, ఒకదాని పేరునకు వివాదమున్నదను గుర్తును, తేదీని, వేళను తగిలించును. తీర్పు మనుష్యునికి వదలివేయును.

ఈ ధర్మసందేహము జనగామకు కొత్తది కాదు. పాలకుర్తి మండలములోని బమ్మెర, పోతన స్వగ్రామముగా ప్రసిద్ధి కెక్కినది. ఆ మహాకవి భాగవతము పూర్తిగా ఆయన చేతి రచనగా నేడు లేదు. పంచమ స్కంధము గంగన పేర, షష్ఠము సింగన పేర, ఏకాదశ ద్వాదశములు వెలిగందల నారయ పేర నిలిచియున్నవి. రాజు గ్రంథమును భూమిలో పాతిపెట్టించెననియు, తీయునప్పటికి కొన్ని తాటాకులు శిథిలమయ్యెననియు ఒక కథ జనులలో వాడుకగా నున్నది. కథ నిజమైనను కాకున్నను, అందులోని దుఃఖము నిజము. ప్రతి ఒక్కటియే యున్నప్పుడు దానికి వచ్చిన హాని గ్రంథమునకే వచ్చును.

ప్రతులు అనేకము లున్నప్పుడు చిక్కు మరొకవిధమున వచ్చును. చార్లెస్ ఫిలిప్ బ్రౌను కడపలో పండితులను, లేఖకులను పోషించి, ఒక్కొక్క కావ్యమునకు దొరకినన్ని తాటాకు ప్రతులు తెప్పించి, ఒకదానితో నొకటి సరిచూపించెను. వేమన పద్యములు 1829లో ఆయన పరిశ్రమ వలననే అచ్చైనవి. ఒక ప్రతిలో నున్న పద్యము మరొకదానిలో లేదు. అది ఒక లేఖకుడు విడిచినదా, మరొక లేఖకుడు చేర్చినదా? ఇది కంప్యూటరు ప్రశ్నయే. బ్రౌను పండితులకు నిన్నటి పట్టీ లేదు. కాని వారికి భాష తెలియును, ఛందస్సు తెలియును. తేలని చోట రెండు పాఠములను నిలుపుట పండితుల మర్యాద. పాఠాంతరమని అడుగున వ్రాసిరేగాని, తరువాత వ్రాసినదే సరియని పాత ఆకును తగులబెట్టలేదు. సింక్‌థింగ్ నిలుపు వివాదపు ప్రతి యీ పాఠాంతరమునకు మనుమడనవచ్చును.

ఒగ్గుకథకు ఈ సదుపాయమును లేదు. లింగాల ఘనపురము మండలములోని మాణిక్యపురమువాడు చుక్క సత్తయ్య, 2017లో కన్నుమూసినాడు. ఒగ్గుకథను దేశమంతట వినిపించిన కళాకారుడు. అట్టివారు ఒకే కథను రెండు రాత్రులు ఒకే విధమున చెప్పరు. ఎదుట కూర్చున్న జనమును బట్టి మాట మారును. డోలు ఊపును బట్టి పాట సాగును. ఒగ్గుకథకు మాతృక యనదగిన తాటాకు ఎక్కడను లేదు. ఒక రాత్రి చెప్పినది ఆ రాత్రికే. దానిని పట్టిన ఫైలు పోయినచో సరిచూచుకొనుటకు మరొక ప్రతి దొరకదు. సినిమా పాట పోయినచో తిరిగి తెచ్చుకొనవచ్చును. ఇది అట్లు కాదు.

ఇన్ని చిక్కులు లేని కాలమొకటి యుండెను. అది దూరమైనదియు కాదు. పాత వరంగల్లు జిల్లా పట్టణములన్నిటి బజారులలో ఫోన్ల దుకాణములవారు ఒక కంప్యూటరు పెట్టుకొని కూర్చుండెడివారు. చిటికెన గోరంత మెమరీ కార్డు ఇచ్చి కొద్ది రూపాయలు చెల్లించినచో నిండుగా పాటలు పోసి యిచ్చెడివారు. బతుకమ్మ పాటలు, తెలంగాణ ఉద్యమపు ధూంధాం పాటలు, కొత్త సినిమాలు, భక్తి గీతములు, అన్నియు కలగలుపుగా వచ్చెడివి. రచయితలకు, గాయకులకు అందులో పైసా ముట్టలేదనుట వేరు సంగతి. అది న్యాయము కాదు. కాని యంత్రశాస్త్రపు దృష్టితో చూచినచో ఆ ఏర్పాటు నిర్దోషము. పాట ఒక దిక్కుననే ప్రవహించినది. దుకాణము మూలము, కార్డు ప్రతి. కార్డు చెడినచో మరల పోయి నింపించుకొనుటయే. ఏది అసలు అను సందేహమునకే తావు లేదు.

ఏకదిశా ప్రవాహమును నియమముగా బిగించినవారు అమెరికాలోని ఆపిల్ సంస్థవారు. 2001 జనవరి 9న ఐట్యూన్స్ అను సాఫ్ట్‌వేరును, అదే సంవత్సరము అక్టోబరు 23న ఐపాడ్ అను చిన్న పాటల పెట్టెను వారు లోకమునకు చూపించినారు. పాట కంప్యూటరు నుండి ఐపాడ్‌నకు పోవును. ఐపాడ్ నుండి వెనుకకు రాదు. మిత్రుని కంప్యూటరునకు తగిలించినచో, ఉన్న పాటలన్ని చెరిపి ఇక్కడివి పోయుమందువా అని అడుగును. సంగీత కంపెనీలు దొంగ ప్రతులకు భయపడిన దినము లవి. లోపలి ఫైళ్ళను కంటికి కనబడని ఫోల్డరులో, అర్థము లేని నాలుగక్షరముల పేర్లతో దాచిరి. కంప్యూటరు చెడిపోయిన దురదృష్టవంతుడు, తన పాటలన్నియు చేతిలోని ఐపాడ్‌లో మ్రోగుచుండగనే, వానిని బయటికి తీయు దారి తెలియక విచారించెడివాడు. ఐట్యూన్స్‌నకు ఆపిల్ కంప్యూటరులలో 2019లో సెలవు చెప్పినారు. చివరి ఐపాడ్ అమ్మకమును 2022 మే నెలలో నిలిపివేసినారు. ఆ పద్ధతి నేర్పిన అనుమానము మాత్రము తరువాతి యంత్రములలో మిగిలినది.

2016 సెప్టెంబరు 5న జియో సేవలు ఆరంభమైనవి. అయిదు వారములు గడచునప్పటికి, అక్టోబరు 11 విజయదశమినాడు, జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి పేర కొత్త జిల్లాలు ఏర్పడినవి. పాటలు గాలిలో వచ్చుట మొదలైన తరువాత కార్డులు నింపు వ్యాపారము క్షీణించినది. ఎవరి పాట వారు తెచ్చుకొనుట, ఎవరి పాఠము వారు పట్టుకొనుట అలవాటైనది. 2020 సెప్టెంబరు 1 నుండి, కరోనా వలన బడులు మూతపడియున్నప్పుడు, దూరదర్శన్ యాదగిరిలోను టీశాట్‌లోను పాఠములు ప్రసారమైనవి. ఉపాధ్యాయులు తామే పాఠములను చిత్రించి పంపుట నేర్చినారు. అందరి ఫోన్లు నిండినవి. సమము చేయవలసిన అవసరము అప్పుడు ఇంటింటికి వచ్చినది.

అవసరము వచ్చినది గాని తీగ సహకరింపదు. ఫోను తగిలించినచో కంప్యూటరు దానిని గుర్తించును, లోన ఏమియు లేదని చూపును. తెర తాళము తీసి, "ఫైళ్ళ బదిలీ" అను మాటను ఎన్నుకొనువరకు ఆండ్రాయిడు ఫోను తలుపు తెరవదు. తీగ కేవలము విద్యుత్తు కొరకే యని భావించును. ఇది దొంగల నుండి కాపాడుటకు చేసిన ఏర్పాటు కాబట్టి కోపింపరాదు. అసలు కోపము వేరొకచోట వచ్చును. పాత ఫోన్లు తమ కార్డును కంప్యూటరునకు పూర్తిగా అప్పగించెడివి. అంతసేపు ఫోను దానిని తాకలేదు. ఒక పొయ్యి దగ్గర ఇద్దరు వంటవారు పనికిరారు గదా! 2011 ప్రాంతమున ఆండ్రాయిడు ఈ పద్ధతిని విడిచి, ఎం.టి.పి. యను మరొక పద్ధతికి మారినది. ఇందులో ఫోను తానే గుమాస్తాయై కూర్చుండి, అడిగిన ఫైలును ఒక్కొక్కటిగా అందించును. ఈ గుమాస్తా గదిలోనికి చూడడు. తన జాబితాను చూచును. ఇప్పుడే పట్టిన పాట జాబితాకు ఎక్కనిచో, ఫోనులో ఆ పాట మ్రోగుచుండగనే కంప్యూటరుతో "లేదు" అనును. ఫోనును ఒకసారి ఆపి తెరచినచో జాబితా కొత్తగా వ్రాసుకొని, "ఉన్నది" అనును. కార్యాలయములలో పని చేయించుకొన్నవారికి ఈ స్వభావము పరిచితమే.

మహబూబాబాదు దిక్కునకు, అనగా మానుకోటకు పోయినచో, చిక్కు తీగ వద్ద ఆగదు. పేర్ల వద్ద మొదలగును. లంబాడా తండాలు అధికముగా గల జిల్లా యిది. తీజ్ పండుగ పాటలు ఫోన్లకెక్కినవి. లంబాడీల గోర్‌బోలీకి సొంత లిపి లేదు. ఇక్కడివారు తెలుగు లిపిలో వ్రాయుదురు. ఫైలునకు పేరు పెట్టునప్పుడు మాత్రము చాలమంది ఇంగ్లీషు అక్షరములకు దిగుదురు. "సమ్మక్క" అను పేరును ఒకరు రెండు మకారములతో, ఒకరు ఒకదానితో వ్రాయుదురు. మూడవవారు చివర ఒక అంకె తగిలింతురు. మనుష్యునికి అది ఒక్క పాట. యంత్రమునకు మూడు పాటలు. సింకు చేసిన ప్రతిసారి మూడును ప్రయాణము చేయును, చోటు తినును.

తెలుగు లిపిలో పేరు పెట్టినచో నేమగును? ఎం.పి.త్రీ ఫైలు చివర పాట వివరములు వ్రాయుటకు 1996లో ఒక చీటీ నేర్పరచిరి. మొత్తము 128 బైట్లు. అందు పాట పేరునకు 30 బైట్లు. ఇంగ్లీషు అక్షరమునకు ఒక్క బైటు చాలును గనుక వారికది ముప్పది అక్షరముల చోటు. యూనికోడు సంకేతములలో యూటీఎఫ్-8 అను పద్ధతిని తెలుగు వ్రాసినచో ఒక్కొక్క సంకేతమునకు మూడు బైట్లు పట్టును. గుడి, దీర్ఘము, ఒత్తును కలుపు గుర్తు, అన్నియు వేరువేరు సంకేతములే. "సమ్మక్క" అను మాట కంటికి మూడక్షరములు, యంత్రమునకు ఏడు సంకేతములు, ఇరువది యొక్క బైట్లు. "సమ్మక్క సారలమ్మ" అని పూర్తిగా వ్రాయుటకు నలువది మూడు కావలెను. ముప్పదిలో ఇరికించినచో "సమ్మక్క సా" వరకు వచ్చి, తరువాతి "ర" రెండు పాళ్ళు లోనికి పోయి, మూడవ పాలు బయట ఉండిపోవును. తెరమీద దాని స్థానమున ఒక ప్రశ్నార్థకము కనబడును. విద్యార్థులు కాగితముపై ఈ లెక్క తామే వేసి చూడవచ్చును. ఆ చీటీ రచించినవారికి తెలుగుపై ద్వేషము లేదు, తలంపునకు రాలేదంతే. తరువాత వచ్చిన చీటీలలో ఈ లోపము సవరించిరి గాని, చవక స్పీకరులు పెక్కు తెలుగును నేటికిని గళ్ళుగానే చూపును.

పెన్‌డ్రైవుల చాదస్తము మరొకటి. బడిలోని టీవీలు, స్పీకరులు చదువగల పెన్‌డ్రైవులు సామాన్యముగా ఫ్యాట్-32 అను పాత కొలువులో నుండును. అది ఫైలు వేళను రెండేసి సెకన్ల మెట్లతో వ్రాసుకొనును. కంప్యూటరు కొలువు సెకనులో కోటివ వంతు వరకు గుర్తుంచుకొనును. అటు 7 సెకన్లు, ఇటు 8 సెకన్లు. సాఫ్ట్‌వేరు సరిపోల్చి ఫైలు మారినదనుకొని, మారని పాటలనన్నిటిని మరల మోయును. 1996లో పుట్టిన ఆర్‌సింక్ అను ప్రసిద్ధ సాఫ్ట్‌వేరులో ఈ సెకను తేడాను క్షమించుమని చెప్పుటకు ప్రత్యేకముగా ఒక మీట యున్నది. ఒక ఫైలు నాలుగు గిగాబైట్లకు చేరరాదను నియమము మరొకటి. ముప్పదిరెండు గిగాబైట్ల పెన్‌డ్రైవు ఖాళీగా నున్నను, రాత్రి పొడవున తీసిన చిత్రము అందులో పట్టదు. ఇక వరుస! చవక స్పీకరు పేర్లను చూడదు. ఏది ముందు పోసినారో అది ముందు పాడును. పేర్లు చూచు యంత్రములలోను కొన్ని ఒకటవ పాఠము తరువాత పదవ పాఠము, ఆ తరువాతనే రెండవది వినిపించును. అంకెను అక్షరముగా చదువుటయే కారణము. 01, 02 అని సున్న చేర్చి పేరు పెట్టి, ఆ వరుసలోనే పోసినచో ఈ రోగము కుదురును.

ఈ బాధలన్నియు తీగలు, కార్డుల వలననే గదా, ఆకాశమున దాచుకొన్నచో నేమని నగరవాసులు అడుగుదురు. క్లౌడు అనునది అట్టిది. దానికి సమాధానము భూపాలపల్లిలో దొరకును. సింగరేణి కాకతీయ గనుల చుట్టు పెరిగిన ఆ పట్టణములో సిగ్నలు చక్కగా నందును. గనికార్మికుల క్వార్టర్లలో పిల్లలు ఫోనున పాఠములు చూతురు. అక్కడినుండి మహాముత్తారము, పలిమెల దిక్కుల అడవి పల్లెలకు బడి చెప్పబోవు ఉపాధ్యాయునికి, బస్సు దిగునప్పటికి కొన్నిచోట్ల సిగ్నలు గీతలు ఒక్కొక్కటిగా మాయమగును. ఫోనులో పాఠము బొమ్మ కనబడును. నొక్కినచో తెరచుకొనదు. చోటు మిగుల్చుటకని ఫోను అసలు చిత్రమును ఆకాశమునకు పంపి, ఇక్కడ గోరంత నమూనాను మాత్రము ఉంచుకొన్నది. ఉన్నదనుకొన్నది లేదు. ముందురోజు రాత్రి పట్టణములోనే తెరచి, ఫోనులోనికి దింపుకొనిపోయినవారికి ఈ అవమానము తప్పును.

ఆకాశమున దాచినది భద్రమనుటయు సగము నిజము. గూగుల్ ఫొటోస్‌లో ఫోను నుండి చిత్రమును తీసివేసినచో ఆకాశములోని ప్రతియు దానితో పోవును, అదియు సింకే. దాచిన చిత్రములను చెత్తబుట్టలో అరువది దినములు ఉంచి, పిదప శాశ్వతముగా చెరుపును. తొందరపడి తీసివేసినవారికి రెండు నెలల గడువున్నదన్నమాట. ఫోనులో స్థలము మాత్రమే కావలసినవారు తీసివేయుట అను గుర్తును నొక్కక, పరికరములో చోటు ఖాళీ చేయు మరొక మీటను వాడవలెను. రెండు మీటల నడుమ దూరము వ్రేలెడు. ఫలితముల నడుమ దూరము చెప్పనలవి కాదు.

ఈ మూడు జిల్లాలలో పాఠములు నిత్యము చేతులు మారు దారి వాట్సాపు. అది సింకు కాదు, కేవలము పంపకము; కనుకనే దేనిని చెరుపదు. కాని చిత్రమును పిండి చిన్నది చేయును. పెట్టిన పేరు తీసి, తేదీతో వరుస అంకెను పెట్టును. చిత్రముగా గాక డాక్యుమెంటుగా పంపినచో పేరును నాణ్యతయు చెడవు. అసలు ప్రతిని మరొక చిన్న హార్డుడిస్కులో పోసి, దేనితోను సింకు చేయక బీరువాలో పెట్టుకొన్న ఉపాధ్యాయునికి ఈ దారులలో ఏది చెడినను నష్టము స్వల్పము. వారమునకొకసారి దానిని తీసి కొత్తవి చేర్చవలెను, పాతవి తీయరాదు. ఇది సోమరులకు సాగదు. సింకు అను మాట పుట్టినదే సోమరుల కొరకు అని ఎవరైన నన్నచో కాదనుట కష్టము.

జనగామ పంతులుగారి కథ పూర్తిగా పోలేదు. ఆ పండుగ రాత్రి ఫోన్లు పైకెత్తినవారు మరి ముగ్గురున్నారని విచారణలో తేలినది. కథకుడు గణపతిని తలచుట మొదలు మొదటి గంట ఒక బడి పిల్లవాని అన్న ఫోనులో ఉన్నది. అది ఊగిసలాడుచు వచ్చినది. తెల్లవారుజామున పట్నము వేసిన భాగము ఊరి పెద్దకురుమ మనుమరాలి దగ్గర దొరకినది. నడిమి భాగము మూడవవాడు పంపినాడు. వాట్సాపు దానిని పిండుటచే డోలు దెబ్బ రేకు డబ్బా మీద వానవలె వినబడుచున్నది. మూడింటిని ఒకచోట చేర్చి పంతులుగారు పిల్లలకు వినిపించినారు. కథ నడుమ ఒకచోట మాట తెగి, తరువాతి మాట అందుకొనువరకు నలువది నిమిషముల కథ లేదు.

"నడుమ ఏమైంది సార్?" అని ఒక బాలిక అడిగినది.

తెలిసినవారు ఊరిలో ఉన్నారు. వచ్చే ఆదివారము పోయి అడుగుదమని పంతులుగారు చెప్పినారు.